ఆ గేటు ఎవరు తీస్తారు? ‘ది రోడ్’ నవల చదివిన ఐదుగురి మాట

 

ఈ ఎపిసోడ్ కొంచెం లేటైంది. మామూలుగా నేను ఒక పుస్తకం చదివి, ఇక్కడ కూర్చుని మీకు చెప్తా. ఈసారి అలా చేయలేదు. ఒకే పుస్తకాన్ని కామారెడ్డి, ఎల్లారెడ్డిలో నాకు తెలిసిన ఐదుగురి ముందు పెట్టి, తర్వాత ఒక్కొక్కరి దగ్గరికి పోయి ఏమనిపించిందో అడిగాను. నలుగురు చదివారు. ఒకరు విన్నారు. ఆ విన్నది మా బాపు. ఆయన దగ్గరికి చివర్లో వస్తాను, ఎందుకంటే ఈ ఎపిసోడ్ లేటవ్వడానికి కారణం ఆయనే.

పుస్తకం పేరు ‘ది రోడ్’. రాసింది కార్మాక్ మెకార్తీ, అమెరికా రచయిత. 2006లో వచ్చింది, 2007లో పులిట్జర్ ప్రైజ్ తీసుకుంది. అదే ఏడాది ఓప్రా విన్‌ఫ్రే తన బుక్ క్లబ్‌కి ఎంచుకుంది. అప్పటిదాకా టీవీ వైపు చూడని మనిషి, డెబ్బై దాటాక ఓప్రా ముందు కూర్చుని మాట్లాడాడు. 2009లో సినిమా తీశారు. మెకార్తీ 2023 జూన్‌లో చనిపోయాడు.

కథ రెండు ముక్కల్లో చెప్తా. ముందే చెప్తున్నా, ముగింపు కూడా చెప్తాను. అది చెప్పకుండా ఈ ఎపిసోడ్ చేయలేను. మీరు చదువుదాం అనుకుంటుంటే ఇక్కడ ఆపేసి, చదివాక రండి.

ప్రపంచం కాలిపోయింది. చెట్లు చచ్చిపోయాయి, పంటల్లేవు, జంతువుల్లేవు, ఆకాశం నిండా బూడిద. ఒక తండ్రి, ఒక చిన్న పిల్లోడు. వాళ్ల పేర్లు పుస్తకం మొత్తంలో ఎక్కడా ఉండవు. సూపర్ మార్కెట్‌లో సామాన్లు వేసుకుని తోసుకుపోయే బండి ఉంటుంది కదా, ఆ బండిలో దుప్పట్లు, డబ్బాలు వేసుకుని దక్షిణం వైపు నడుస్తుంటారు. చలికి తట్టుకోలేక. చేతిలో ఒక పిస్తోలు. రోడ్డు మీద మిగిలిన మనుషుల్లో కొందరు మనుషుల్ని తినే స్థితికి వచ్చేశారు. నడవడం, దొరికింది తినడం, దాక్కోవడం, మళ్లీ నడవడం. అంతే. మూడు వందల పేజీల లోపు పుస్తకం.

ఇది రాయాలన్న ఆలోచన ఎలా వచ్చిందో మెకార్తీ ఓప్రాకి చెప్పాడు. టెక్సాస్‌లో ఎల్‌పాసో అనే ఊళ్లో హోటల్‌లో దిగాడు. చిన్న కొడుకు పక్కన నిద్రపోతున్నాడు. అర్ధరాత్రి కిటికీలోంచి ఊరిని చూస్తూ, ఇంకో యాభై, వందేళ్లకి ఈ ఊరు ఎలా ఉంటుంది అనుకున్నాడు. కొండ మీద మంటలు కనిపించినట్టు అనిపించింది. పుస్తకాన్ని ఆ కొడుక్కే అంకితమిచ్చాడు.

సరే, మన ఐదుగురి దగ్గరికి వద్దాం.

మొదటివాడు నా బీటెక్ దోస్త్. కామారెడ్డోడే, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. శనివారం ఇంటికి వచ్చినప్పుడు పుస్తకం ఇచ్చా. ‘కల్కి 2898 ఏడీ’ లాంటిదనుకున్నాడు. చివరి నగరం, పెద్ద యుద్ధం, ఎవడో ఒకడు వచ్చి కాపాడతాడు అని. అరవై పేజీలకి ఫోన్ చేశాడు.

“అరేయ్, అసలు ఏమైందో చెప్పడేందిరా? బాంబా? ఉల్కా? ఎవడు చేసిండు? ప్రొడక్షన్ డౌన్ అయితే మనమైతే రూట్ కాజ్ రాయాలె గదా. ఈయన రాయలె.”

నవ్వొచ్చింది, కానీ అడిగింది సరైన ప్రశ్నే. పుస్తకంలో దాని గురించి ఉన్నది చాలా కొంచెం. గడియారాలు 1:17 దగ్గర ఆగిపోయాయి, పెద్ద వెలుగు, తర్వాత దూరంగా దడదడ శబ్దాలు. అంతే. మన దగ్గర యుగాంతం కథలన్నిటికీ కారణం ఉంటుంది, తర్వాత ఒక రాజు ఉంటాడు. బ్రహ్మంగారి కాలజ్ఞానం గురించి చిన్నప్పుడు ఇంట్లో విన్నవాళ్లకి తెలుసు. ఎన్ని ఘోరాలు చెప్పినా, వీరభోగ వసంతరాయలు వస్తాడు అన్న మాట ఉంటుంది. 2012లో టీవీల్లో యుగాంతం గోల నడిచినప్పుడు కూడా అందరం భయపడుతూనే ఎంజాయ్ చేశాం. ఈ పుస్తకంలో కారణం లేదు, రాజు లేడు. అందుకే మావాడికి చిరాకు.

నేను వాడికి ఒక్కటే చెప్పా. “పోయిన ఆగస్టు గుర్తు తెచ్చుకో.”

కామారెడ్డి జిల్లావాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం చెప్తా. 2025 ఆగస్టు 27, వినాయక చవితి రోజు. రాజంపేట మండలం ఆర్గొండలో 24 గంటల్లో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డి టౌన్‌లో జీఆర్ కాలనీలో కార్లు కొట్టుకుపోయిన వీడియోలు మీ ఫోన్‌లోకి కూడా వచ్చే ఉంటాయి. భిక్కనూరు, తలమడ్ల దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. నలభై నాలుగో నంబర్ హైవే దెబ్బతింది. ఎల్లారెడ్డి వైపు వాగులు పొంగి రోడ్లు తెగాయి. నాగిరెడ్డిపేట దగ్గర పోచారం ప్రాజెక్టు, నిజాం కాలంలో 1922లో పూర్తయింది, దాని మీదుగా నీళ్లు దూకుతుంటే ఆ రాత్రి కింది ఊళ్లలో ఎవరూ నిద్రపోలేదు. వందేళ్ల కట్ట, నిలబడింది.

ఆ రాత్రి మా వీధిలో నీళ్లు వచ్చినప్పుడు ఎవరూ “ఎందుకు వచ్చినయి” అని అడగలేదు. “పైకి ఎక్కడెక్కాలి” అని అడిగారు. ఎందుకు వచ్చాయన్నది మూడు రోజుల తర్వాత మొదలైంది. నాలా మీద ఎవరు కట్టారు, చెరువు ఎవరు పూడ్చారు, వెంచర్ ఎవరిది. ‘ది రోడ్’ ఆ మొదటి రాత్రి దగ్గరే ఆగిపోయిన కథ. అందులో నాలుగో రోజు రాదు. అందుకే కారణం గురించి మాట్లాడే తీరిక ఎవరికీ లేదు.

మావాడు విన్నాడు. “సరే గాని, నాకైతే బోర్ కొట్టింది” అన్నాడు. అది కూడా ఒక రియాక్షనే. రాసుకున్నా.

రెండో ఆమె, కామారెడ్డి లైబ్రరీలో పరిచయం. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది, నాలుగేళ్లుగా. నోటిఫికేషన్, వాయిదా, కోర్టు, మళ్లీ నోటిఫికేషన్. ఈమెకి ఈ పుస్తకం ఇవ్వాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా. అసలే టెన్షన్‌లో ఉన్న మనిషి. ఆమె మూడు రోజుల్లో అయిపోగొట్టింది. నోట్స్ కూడా రాసుకుంది, అలవాటు కదా.

“అన్నా, అందరూ ఇది బాధ పుస్తకం అంటున్నరు. నాకైతే పని పుస్తకం లెక్క అనిపించింది” అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె నోట్స్ చూపించింది. బండి చక్రం బాగుచేసుకోవడం. టార్పాలిన్ కట్టుకోవడం. పాత సీసాల అడుగున మిగిలిన నూనె చుక్క చుక్క పోగుచేసి దీపానికి వాడుకోవడం. తడిసిన బట్టలు ఆరబెట్టడం. పిల్లోడికి జుట్టు కత్తిరించడం. పాడుబడ్డ ఒక సూపర్ మార్కెట్‌లో ఒకే ఒక్క కోకాకోలా డబ్బా దొరికితే తండ్రి అది పిల్లోడికి ఇస్తాడు. పిల్లోడు నువ్వూ తాగు అని పట్టుబడతాడు. జీవితంలో మళ్లీ ఇది తాగడం ఉండదని ఆ పిల్లోడికి అర్థమైపోతుంది.

“ఆయనకి రేపటి మీద నమ్మకం లేదన్నా. అయినా పొద్దున లేచి ఆ రోజు పని చేస్తడు. నాకు గది చాలు. రిజల్ట్ ఎప్పుడొస్తదో నాకు తెల్వది, ఇయ్యాల చాప్టర్ ఇయ్యాల చదువుతా.”

నేను ఈ పుస్తకం మీద చాలా వ్యాసాలు చదివాను. నూనె చుక్కల దగ్గర ఆగి చూసినవాళ్లు నాకైతే కనిపించలేదు. బ్రిటిష్ రచయిత జార్జ్ మోన్‌బియో 2007లో, పర్యావరణం మీద వచ్చిన పుస్తకాలన్నిటిలో ఇదే అతి ముఖ్యమైనది కావచ్చన్నాడు. నేల పోతే మనిషి దగ్గర ఇంకేం మిగలదని చూపించింది కాబట్టి. మైఖేల్ షేబన్ అనే నవలాకారుడు దీన్ని సైన్స్ ఫిక్షన్ అనే కంటే హారర్ అనాలన్నాడు. తన తర్వాత తన బిడ్డ ఏమైపోతాడో అని ప్రతి తండ్రికీ ఉండే భయమే ఇందులో భూతం. రెండూ మంచి మాటలే. కానీ కామారెడ్డి లైబ్రరీలో విన్న మాట నాతో ఎక్కువ రోజులు ఉండిపోయింది.

మూడో మనిషి మా అక్క. ఎల్లారెడ్డిలో ఇచ్చాం. మా మేనల్లుడికి ఏడేళ్లు. అక్క మధ్యలో ఆపేసింది. ఒక ఇంట్లో నేలమాళిగ తెరిచే సీన్ ఉంటుంది. లోపల ఏముంటుందో నేను చెప్పను. అది చదివి పుస్తకం బీరువా పైన పెట్టేసిందట. రాత్రి వాడు పడుకున్నాక వెళ్లి తలుపు గడి రెండుసార్లు చూసి వచ్చిందట. పది రోజుల తర్వాత మళ్లీ తీసి పూర్తి చేసింది. చేసి, నా మీద కోపం తెచ్చుకుంది.

“ఆ పిల్లోని తల్లి ఎక్కడుందిరా?”

ఉంది. కానీ కొన్ని పేజీలే. ఇలాంటి లోకంలో బతకడం కంటే చావడమే నయమని తేల్చుకుని వెళ్లిపోతుంది. తండ్రి మిగులుతాడు, కథ ఆయనది అవుతుంది.

“ఆమె వాదన ఆమెకుంది, నేను కాదనను” అంది అక్క. “గాని ఆయనకు రెండొందల పేజీలిచ్చి ఆమెకు నాలుగు పేజీలు. పిల్లోనికి కడుపు నింపేది, ఒళ్లు తుడిచేది, అన్నీ ఆయనే చేసినట్టు రాసిండు. మనిళ్లల్ల గవన్నీ ఎవరు చేస్తరు? ఆ పని తల్లి చేస్తే కథ కాదు, తండ్రి చేస్తే ప్రైజ్ ఇస్తరు.”

నేను సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను. ఈ పుస్తకం నాకు చాలా ఇష్టం, అయినా అక్క చెప్పింది నిజం. రెండూ పక్కపక్కనే పెట్టుకుని చూడండి.

నాలుగో మనిషి, ఎల్లారెడ్డిలోనే ఇంగ్లిష్ చెప్పే సార్. అక్క వాళ్లింటికి పోయినప్పుడల్లా ఆయన్ని కలుస్తా. సార్‌కి భాష నచ్చింది. ఇందులో మాటలకి కొటేషన్ గుర్తులు ఉండవు, కామాలు బాగా తక్కువ, వాక్యాలు చిన్నవి. “అన్నీ కాలిపోయినంక కామాలు ఎట్ల మిగుల్తయి?” అని నవ్వాడు. తర్వాత నన్నొక మాట అడిగాడు.

“ఇంత దూరం అమెరికా పోయినవ్ గదా, డిచ్‌పల్లి పోయినవా?”

సార్ చెప్పింది డాక్టర్ కేశవరెడ్డి గారి గురించి. చిత్తూరు జిల్లాలో పుట్టారు. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్లకి ఏళ్లు డాక్టర్‌గా పనిచేశారు, 2015లో చనిపోయారు. డిచ్‌పల్లి అంటే మన కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే దారిలోనే. నేను ఆ ఊరి మీదుగా వందసార్లు పోయి ఉంటా. ఆయన రాసిన ‘అతడు అడవిని జయించాడు’ చిన్న నవల. పందులు కాసుకునే ఒక ముసలాయన. ఈనడానికి అడవిలోకి పోయిన తన పందిని వెతుక్కుంటూ వెళ్తాడు. ఒక రాత్రి, ఒక అడవి, ఒక మనిషి, చుట్టూ నక్కలు. ఆ ముసలాయనకి కూడా పేరుండదు.

సార్ ఇచ్చిన కాపీ ఒక్క పూటలో చదివేశా. చివర ఏమవుతుందో చెప్పను, అది మాత్రం మీరే చదవండి. ఒక్కటి చెప్తా. ‘ది రోడ్’ చదివేటప్పుడు “అంతా పోయాక” అని ఊహించుకోవాలి. ఇక్కడ ఊహించుకోవడానికి ఏమీ లేదు. ఆ ముసలాయనకి మొదటి నుంచీ ఉన్నది అంతే. కొందరి బతుకు ఎప్పుడూ ఆ రోడ్డు మీదే నడుస్తుంది. ప్రపంచం అంతం కావాల్సిన అవసరం లేదు.

ఇంక బాపు.

మా బాపుకి ఇంగ్లిష్ రాదు. దుబాయ్‌లో పదకొండేళ్లు షట్టరింగ్ పని చేసి వచ్చాడు. హిందీ వచ్చు, కొంచెం అరబీ, కొంచెం మలయాళం. నేను పుస్తకంతో తిరుగుతుంటే “గంతగనం ఏమున్నది దాంట్ల?” అన్నాడు. రెండు రాత్రులు అన్నం తిన్నాక కూర్చుని తెలుగులో కథ మొత్తం చెప్పా.

ఆయన వినే పద్ధతి వేరు. “బండి చక్రం ఇరిగితే ఏం చేసిన్రు?” “కాళ్లకు చెప్పులున్నయా, బట్టలు చుట్టుకున్నరా?” “పోరనికి దగ్గు లేదు గదా?” దగ్గు తండ్రికి, అని చెప్పా. కాసేపు మాట్లాడలేదు.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. బాపుకి కథ చెప్తున్నప్పుడే నాకు ఇది కనిపించింది. చదివినప్పుడు కనిపించలేదు. నేను సాఫ్ట్‌వేర్ వదిలేసినా టెస్ట్ కేసులు రాసే అలవాటు పోలేదు. ఈ పుస్తకంలో ఆ తండ్రికి మళ్లీ మళ్లీ ఒకటే పరీక్ష వస్తుంది. రోడ్డు మీద ఇంకో మనిషి ఎదురైతే ఏం చేస్తాడు?

ఒకసారి పిడుగు పడి కాలిపోయిన మనిషి ఎదురవుతాడు. పిల్లోడు సాయం చేద్దాం అంటాడు. తండ్రి వద్దంటాడు. పోతారు. ఇంకోసారి పిల్లోడికి తన ఈడు పిల్లోడు ఒకడు కనిపిస్తాడు. వాడిని తీసుకుపోదాం అని ఏడుస్తాడు. తండ్రి లాక్కుపోతాడు. మూడోసారి ఒక ముసలాయన. పిల్లోడు పట్టుబడితే తండ్రి ఒక్క రాత్రికి అన్నం పెట్టి పంపిస్తాడు. నాలుగోసారి సముద్రం దగ్గర ఒక దొంగ వీళ్ల బండి మొత్తం ఎత్తుకుపోతాడు. తండ్రి వాడిని పట్టుకుని, సామాన్లు తీసుకుని, వాడి ఒంటి మీద బట్టలు, బూట్లతో సహా అన్నీ తీసుకుంటాడు. ఆ చలిలో వాడిని అలాగే వదిలేస్తాడు. పిల్లోడు ఏడుపు ఆపడు. చివరికి వెనక్కి పోయి బట్టలు అక్కడ పెడతారు, కానీ ఆ మనిషి ఇక కనిపించడు.

బాపు అక్కడ ఆపాడు. “సామాను తెచ్చుకున్నడు, మంచిగైంది. బట్టలు తియ్యకపోయేది.”

“తప్పు ఆ దొంగది గదా బాపు. పోరడు సచ్చిపోయేటోడు.”

“నేను కాదంటున్ననా? బట్టలు తియ్యకపోయేది అంటున్న.”

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. లేచి పోతాడనుకున్నా. అప్పుడన్నాడు, “ఆ దినం మన గేటు కాడికి వచ్చిన ఆయన యాదికున్నడా?”

ఉన్నాడు. ఇప్పుడు చెప్పేది నేను ఇప్పటిదాకా ఎక్కడా చెప్పలేదు.

2020 మే నెల. లాక్‌డౌన్. నేను వర్క్ ఫ్రం హోమ్ మీద కామారెడ్డి వచ్చి ఉన్నా. మా ఇల్లు హైవేకి దగ్గర. హైదరాబాద్ నుంచి ఉత్తరం పోవాలంటే అదే దారి. తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్, అక్కడి నుంచి మహారాష్ట్ర. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి మొదటి శ్రామిక్ రైలు పోయింది, దాదాపు 1,200 మందితో. ఆ రైళ్లు అందనివాళ్లు, ఆగలేనివాళ్లు నడిచారు. ఆ నవలలో దక్షిణానికి నడుస్తారు, మన హైవే మీద ఉత్తరానికి నడిచారు. నెత్తి మీద మూటలు, చంకలో పిల్లలు. మన జిల్లాలో చాలామంది రోడ్డు పక్కన అన్నం పెట్టారు, మజ్జిగ పోశారు, అది కూడా నిజం.

ఒక మధ్యాహ్నం మా గేటు దగ్గర ఒకాయన నిలబడ్డాడు. పక్కన పిల్లోడు, ఎనిమిదేళ్లుంటాయేమో. చేతిలో ఖాళీ బాటిల్. “పానీ” అన్నాడు. అంతే అడిగాడు. లోపల బాపుకి షుగర్, బీపీ. ఆ నెలంతా నేను పాల ప్యాకెట్లు కూడా సబ్బుతో కడిగా. గేటు గొళ్లెం మీద చెయ్యి పెట్టి, తియ్యలేదు. “ఆగే జావో, ఆగే మిలేగా” అన్నా. ఆయన ఏమీ అనలేదు. తల ఊపి పోయాడు. పిల్లోడు మాత్రం కొంచెం దూరం పోయాక వెనక్కి చూశాడు.

బాపు అది కిటికీలోంచి చూశాడని నాకు తెలియదు. ఇన్నేళ్లు అనలేదు.

“నా కోసమే చేసినవ్, నాకు తెల్సు” అన్నాడు. “గాని నాకు సిగ్గైందిరా. దుబాయ్‌ల మా కంపెనీ మూసినప్పుడు నెల దినాలు నాకు అన్నం పెట్టింది ఒక కేరళ ఆయన. నా పేరు గూడ సక్కగ పలకరాకపోవు ఆయనకు.”

నేను ఏమనాలో తెలియక “నీళ్లు గేటు మీది నుంచి పోసినా అయిపోతుండె బాపు, నాకు అప్పుడు తట్టలె” అన్నా. నిజంగా తట్టలేదు. ఒక బకెట్ బయట పెట్టి తలుపేసుకుంటే సరిపోయేది. భయంలో మనకి రెండే దారులు కనిపిస్తాయి, తియ్యడం, తియ్యకపోవడం. మధ్యలో ఉన్నవి కనిపించవు. ఆ నవలలో తండ్రికీ అంతే. దొంగ దగ్గర సామాన్లు తీసుకుని బట్టలు వదిలెయ్యొచ్చు. ఆ దారి మా బాపుకి కనిపించింది, కథలో పిల్లోడికి కనిపించింది, తండ్రికి కనిపించలేదు.

ఇప్పుడు ముగింపు. తండ్రి దగ్గుతో చనిపోతాడు. పిల్లోడు మూడు రోజులు శవం పక్కనే కూర్చుంటాడు. అప్పుడు ఒకాయన వస్తాడు. ఆయనకి భార్య ఉంది, పిల్లలు ఉన్నారు. వెనకాల రావాలా వద్దా అని వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారట కూడా. అంటే వాళ్ల ఇంట్లో కూడా గొళ్లెం మీద చెయ్యి ఆగింది. కానీ వచ్చారు. పిల్లోడిని తీసుకుపోయారు.

ఈ ముగింపు మీద మా ఐదుగురికీ గొడవే. సార్‌కి నచ్చలేదు. అంత చీకటి రాసి చివర దీపం పెట్టాడు, నమ్మబుద్ధి కాలేదన్నాడు. లైబ్రరీ అమ్మాయి ఏడ్చిందట. అక్క “కనీసం చివర్లన్న ఒక తల్లిని పంపిండు” అంది. నా దోస్త్‌కి ఫోన్‌లో ముగింపు చెప్తే, “గట్లైతే మొదట్నే వాళ్లతోని కలిస్తే అయిపోవు గదా” అన్నాడు. అరవై పేజీలు చదివినోడు అన్న మాట, కానీ నేను దాని దగ్గరే ఆగిపోయా.

ఎందుకంటే ఆ తండ్రి అలా కలవడు. తండ్రి పద్ధతి ప్రకారం రోడ్డు మీద కనిపించిన పరాయి పిల్లోడిని వదిలెయ్యాలి. ఆయనే ఒక పిల్లోడిని అలా వదిలేశాడు. ఆ చివరి కుటుంబం కూడా అదే లెక్క వేసుకుని ఉంటే ఆయన కొడుకు ఆ రోడ్డు పక్కనే చచ్చిపోయేవాడు. తండ్రి అంత కాపలా కాయకపోతే పిల్లోడు ఆ రోజుదాకా బతికేవాడే కాదు, అది ఒప్పుకోవాలి. కానీ ఆ రోజు తర్వాత బతికింది, ఇంకెవరో తన తండ్రిలా ఆలోచించలేదు కాబట్టి. నాకు ఈ పుస్తకంలో అర్థమైంది ఇది. మనవాళ్ల కోసం గేటు వేసుకుంటాం. మనం పోయాక మనవాళ్లు ఎవరి గేటు ముందు నిలబడతారో మన చేతిలో ఉండదు.

ఆగస్టు 27 రాత్రి మేం నిలబడ్డాం. మా వీధిలో నడుం లోతు నీళ్లు. మాది ఒకటే అంతస్తు. వీధి చివర రెండంతస్తుల ఇల్లు, వాళ్లు అందులోకి వచ్చి నాలుగు నెలలే. అంతకు ముందు వారమే బండి పార్కింగ్ దగ్గర బాపుకీ ఆ ఇంటాయనకీ మాటా మాటా పెరిగింది. ఆ ఇంటాయనే టార్చ్ వేసి “పెద్దాయనను ముందు ఎక్కించున్రి” అని అరిచాడు. పైన పండక్కి చేసిన కుడుములు పెట్టారు. బాపు షుగర్ గోళీల డబ్బా నీళ్లలో పోతే, వాళ్లమ్మ షుగర్ పేషెంట్ అట, డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగి ఆమె గోళీ ఇచ్చారు. పార్కింగ్ గురించి ఎవరూ ఎత్తలేదు. నీళ్లు తగ్గాక రెండు నెలలకి మళ్లీ పార్కింగ్ గొడవ అయింది, అది వేరే సంగతి.

ఆ రాత్రి మేడ మీద నాకు 2020 గుర్తు రాలేదు. నిజం చెప్తున్నా. ఈ పుస్తకం బాపుకి చెప్పేదాకా గుర్తు రాలేదు. దీన్ని చదివించి ఏం సాధించావ్ అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్నది ఇంతే. మా బాపు, నేను ఐదేళ్ల తర్వాత ఆ గేటు గురించి మాట్లాడుకున్నాం.

ఇప్పుడు మీరు అడిగేది, చదవాలా వద్దా? ఇంగ్లిష్ అలవాటు ఉంటే చదవండి, పదాలు కొన్ని కష్టంగా ఉంటాయి కానీ కథ ఎక్కడా తప్పిపోదు. బొమ్మలతో కావాలంటే మాన్యు లార్సెనే అనే ఫ్రెంచ్ ఆర్టిస్ట్ చేసిన గ్రాఫిక్ నవల 2024లో వచ్చింది. తెలుగులోనే మొదలుపెడతాం అంటే ‘అతడు అడవిని జయించాడు’తో మొదలుపెట్టండి. మీరు ఇప్పుడు మనసు బాగాలేని రోజుల్లో ఉంటే మాత్రం ‘ది రోడ్’ పక్కన పెట్టండి, అది ఎక్కడికీ పోదు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్, ఫ్రీ నంబర్, తెలుగులో మాట్లాడతారు.

ఇంకో చిన్న మాట చెప్పి ఆపేస్తా. కథ మొత్తం అయిపోయాక బాపు ఒకటే అడిగాడు. “ఆ పిల్లోడు పెద్దగైనంక ఏమైండు?”

పుస్తకంలో లేదు బాపు, అన్నా.

“లేకుంటే ఏంది. రోడ్డు మీద ఎవరన్న కనిపిస్తే ఆగుతడు వాడు” అని పోయి పడుకున్నాడు.

ఎండాకాలం వస్తోంది. మా గేటు బయట ఈసారి కుండ పెట్టాం. మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.